పసుపు కుంకుమ స్థలం, మా ఆయన లీగు, తమ్ముడి తలనొప్పి

ఉప్పల్ నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఏడు పేజీలుంది, మొత్తం ఇక్కడ పెట్టడం కుదరదు కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను.

ఆవిడకి 33 ఏళ్లు. చిన్నప్పటి నుంచి కరాటే, బ్లాక్ బెల్ట్. భర్త పరిచయమైంది కూడా ఆ క్లాసులోనే. ఎనిమిదేళ్ల కిందట ఇద్దరూ కలిసి ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అంటే పంచ్‌లు, కిక్‌లు, కుస్తీ పట్లు కలిసిన ఆట) జిమ్ పెట్టారు. ఇప్పుడు 70 మంది వస్తున్నారు, తలా నెలకి 2,500. అద్దె 55 వేలు, ఇద్దరు కోచ్‌ల జీతాలు 50 వేలు, కరెంటు, రిపేర్లు, మిగతావి 15 వేలు పోగా చేతికి 55 వేలు మిగులుతోంది. లెక్కలన్నీ ఈవిడే రాస్తారు.

పోయినేడాది భర్త ఒక ఫంక్షన్ హాల్లో కేజ్ (ఫైట్ జరిగే, చుట్టూ కంచె ఉన్న రింగు) వేయించి ఫైట్ షో పెట్టారు. తొమ్మిదిన్నర లక్షలు ఖర్చయింది, ఆరు లక్షలు వచ్చింది. రెండో షోకి 14 లక్షలు పెడితే ఏడు వచ్చింది. ఆ పదిన్నర లక్షల లోటు గోల్డ్ లోన్, పర్సనల్ లోన్‌లుగా మారి ఇప్పుడు నెలకి 18 వేలు కట్టిస్తోంది. ఆయన మాత్రం ఈసారి ఎనిమిది ఊళ్ల పేర్లతో ఎనిమిది టీమ్‌ల లీగ్ పెడతానంటున్నారు. ముందు హైదరాబాద్, తర్వాత దుబాయ్, ఆ తర్వాత ప్రపంచం. కావాల్సింది 60 లక్షలు. దుబాయ్‌లో వ్యాపారం చేసే తెలిసినాయన సగం ఇస్తానన్నాడు. బదులుగా కంపెనీలో 51 శాతం వాటా, ఫైట్ వీడియోల మీద పూర్తి హక్కులు కావాలట, స్పాన్సర్‌గా డబ్బు పెట్టి ఆడే ఒక ఫాంటసీ యాప్‌ని కూడా ఆయనే తెస్తాడట. మిగతా సగానికి ఘట్‌కేసర్ దగ్గర 200 గజాల స్థలం తాకట్టు పెట్టాలి. అది ఈవిడ నాన్నగారు పసుపు కుంకుమ కింద ఇచ్చింది, రిజిస్ట్రేషన్ ఈవిడ పేరు మీదే ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. ఈవిడ తమ్ముడికి 23 ఏళ్లు, వాళ్ల జిమ్‌లో అందరికంటే మంచి ఫైటర్. బావతో మూడేళ్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు: బయట ఎక్కడా ఫైట్ చేయకూడదు, ఏడాదికి కనీసం ఇన్ని ఫైట్లు ఇస్తామన్న మాట మాత్రం అందులో లేదు. రెండో షోలో దవడ మీద దెబ్బ తగిలి పడిపోయాడు, కొన్ని సెకన్లు స్పృహ లేదు. హాల్లో ఫిజియో ఉన్నాడు గానీ డాక్టర్ లేడు, అంబులెన్స్ ఫోన్ చేశాక 40 నిమిషాలకి వచ్చింది. ఐదు వారాలైంది. తలనొప్పి తగ్గలేదు, ట్యూబ్‌లైట్ వెలుతురు పడట్లేదు, బండి తాళం ఎక్కడ పెట్టాడో మర్చిపోతున్నాడు. ఇంకో ఆరు వారాల్లో జరగబోయే షో ఫ్లెక్సీ మీద అతని ఫొటో వేసేశారు.

చివరి పేజీ ఆవిడ మాటల్లోనే: "నాకు ఈ ఆటంటే ప్రాణం మేడమ్. అందుకే ఏం అనలేకపోతున్నాను. యూఎఫ్‌సీ (అమెరికాలో ఎంఎంఏ ఫైట్లు పెట్టే అతిపెద్ద కంపెనీ) ఓనర్లు కూడా ముందు కోట్లు పోగొట్టుకున్నారు, నాలుగేళ్లు ఓపిక పట్టారు కాబట్టే ప్రపంచమంతా పాకింది అంటారు మా ఆయన. మొగుడు ఎదుగుతుంటే కాళ్లు పట్టి లాగుతోందని అత్తమ్మ అంటోంది. బావే నన్ను యూఎఫ్‌సీకి పంపిస్తాడక్కా, నువ్వు మధ్యలో రాకు అని తమ్ముడంటున్నాడు. సంతకం పెట్టాలా, వద్దా?"

అమ్మా, సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు తమ్ముణ్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ వారమే. నిమ్స్‌లో న్యూరాలజీకైనా సరే, మీకు నమ్మకమున్న ఇంకే న్యూరాలజిస్ట్ దగ్గరికైనా సరే. స్పృహ తప్పాక ఐదు వారాలైనా తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మతిమరుపు ఉన్నాయంటే ఆ మెదడు ఇంకా కోలుకోలేదనే అనుకోవాలి. కోలుకోని తలకి రెండో దెబ్బ తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది, కుర్రవాళ్లలో అది ఎక్కువ. వాంతులైనా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యో కాలో బలహీనంగా అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అప్పటిదాకా స్పారింగ్ లేదు, ప్యాడ్ వర్క్ లేదు. ఫ్లెక్సీ మీంచి ఆ ఫొటో తీసేయాలి. దీంట్లో మీ ఆయనకి, అత్తమ్మకి, చివరికి మీ తమ్ముడికి కూడా ఓటు లేదనే నా ఉద్దేశం. కెరీర్ అతనిది, కాంట్రాక్ట్ అతనిది, 23 ఏళ్లవాడి నిర్ణయాలు అతను తీసుకోవచ్చు, కాదనను. కానీ దెబ్బ తిన్న తల తన సంగతి తాను తేల్చుకోలేదు, దానికి డాక్టర్ కావాలి.

చిన్నప్పుడు మా నాన్న నన్ను ధూల్‌పేటలో ఒక అఖాడాకి తీసుకెళ్లేవారు. తలకి దెబ్బ తగిలిన కుర్రాడు ఎంత బతిమాలినా ఉస్తాద్ ఒప్పుకునేదాకా మట్టిలో కాలు పెట్టనిచ్చేవారు కాదు. ఆయనకి కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) అనే మాట తెలిసి ఉండదు. ఆ కుర్రాడి తల్లి మొహం చూడాల్సింది తనేనని మాత్రం తెలుసు.

ఇక మీ ఆయన చెప్పే యూఎఫ్‌సీ కథకి వద్దాం. మీ ఇంట్లో గొడవంతా ఆ కథ మీదే నిలబడి ఉంది. ఆయన చెప్పే అంకెలు నిజమే. 2001 జనవరిలో ఫెర్టిట్టా సోదరులు, డేనా వైట్ కలిసి యూఎఫ్‌సీని 20 లక్షల డాలర్లకి కొన్నారు. మూడు నాలుగేళ్లలో మూడు కోట్ల డాలర్లకి పైగా పోగొట్టుకున్నారు. 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకి అమ్మారు. వినగానే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాక్కూడా. అయితే మీ ఆయన ఈ కథని ఓపిక కథగా చెప్తున్నారు. ఓపిక ఒక్కటే అయితే ఆ రోజుల్లో పోటీకొచ్చిన మిగతా కంపెనీలు కూడా ఈపాటికి ఉండేవి.

ఆ కథ 2001లో మొదలవలేదు. మొదటి యూఎఫ్‌సీ 1993 నవంబర్ 12న డెన్వర్‌లో జరిగింది. వెయిట్ క్లాసుల్లేవు, గ్లౌజులు తప్పనిసరి కాదు, రూల్స్ దాదాపు లేవు, అసలు ప్రచారమే "రూల్స్ లేని ఆట" అని చేశారు. జనం ఎగబడ్డారు. మూడేళ్లు తిరిగేసరికి జాన్ మెకైన్ అనే సెనేటర్ దీన్ని మనుషుల కోడిపందెం అన్నారు. మన భీమవరం వైపు సంక్రాంతికి కత్తులు కట్టి వదులుతారే, అదన్నమాట. 50 రాష్ట్రాల గవర్నర్లకీ ఉత్తరాలు రాశారు. 36 రాష్ట్రాలు నిషేధించాయి, కేబుల్ కంపెనీలు ప్రసారం ఆపేశాయి. ఏ గుర్తింపుతో జనం వచ్చారో ఆ గుర్తింపే ఉరితాడైంది. ఫెర్టిట్టాలకి అంత చవగ్గా దొరికిందంటే కారణం అదే.

మరి పైకెలా వచ్చింది? రూల్స్ పెట్టుకుని, ప్రభుత్వ కమిషన్ల కిందికి తామే వెళ్లి. వెయిట్ క్లాసులు, చిన్న గ్లౌజులు, ఐదేసి నిమిషాల రౌండ్లు, ఏ దెబ్బ కొట్టకూడదో రాసిన జాబితా, ఎప్పుడైనా ఆట ఆపే అధికారమున్న డాక్టర్. 2000లో న్యూజెర్సీ ఒప్పుకుంది, 2001లో నెవాడా ఒప్పుకుంది. లోరెంజో ఫెర్టిట్టా అంతకుముందు నెవాడా అథ్లెటిక్ కమిషన్‌లో సభ్యుడు, అంటే కంపెనీ కొనే ముందే ఆయన డాక్టర్లు, రిఫరీలు, లైసెన్సులు, సస్పెన్షన్లు ఉండే వైపు కూర్చుని వచ్చిన మనిషి. అక్కడ నాకౌట్ అయిన ఫైటర్‌ని కమిషనే మామూలుగా 30 నుంచి 60 రోజులు, అవసరమైతే ఇంకా ఎక్కువ రోజులు పక్కన పెడుతుంది. ప్రమోటర్ బతిమాలినా, ఫైటర్ ఏడ్చినా లాభం లేదు. 2011లో ఆ కంపెనీ ట్రైనింగ్‌లో తగిలే గాయాలకి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఆయన 2001 నాటి యూఎఫ్‌సీ అడుగుజాడల్లో నడుస్తున్నాననుకుంటున్నారు, డాక్టర్ లేని హాల్లో షో పెట్టిన రోజు మాత్రం ఆయన నడిచింది 1993 దారిలో.

మన దగ్గర నెవాడాలాంటి కమిషన్ లేదు. షోకి పోలీస్ పర్మిషన్ కావాలి, హాల్ పర్మిషన్లు కావాలి, కానీ నాకౌట్ అయిన కుర్రాణ్ని 60 రోజులు పక్కన కూర్చోబెట్టే ఆఫీసంటూ లేదు. అంటే ఆ పని షో పెట్టేవాడి మనస్సాక్షికే వదిలేసినట్టు. షో పెట్టేది మీ ఆయన. ఫ్లెక్సీ అచ్చు వేయించిందీ ఆయనే. ఆయన చెడ్డవాడని నేననట్లేదు, ఎనిమిదేళ్లు పిల్లలకి నేర్పిన మనిషి. కానీ టికెట్లు అమ్మాల్సిన మనిషి, ఫైటర్ని ఆపాల్సిన మనిషి ఒక్కడే అయినప్పుడు, అప్పుల్లో ఉన్నప్పుడు, ఆపడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ అధికారం ఆయన చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టాలి. దీనికి మళ్లీ వస్తాను.

డబ్బు సంగతి. ఫెర్టిట్టాలు పోగొట్టుకున్న డబ్బు ఎక్కడిది? లాస్ వెగాస్‌లో వాళ్ల కుటుంబానికి స్టేషన్ కాసినోస్ అనే జూదశాలల కంపెనీ ఉంది. ఆ మూడు కోట్లూ తిరిగి రాకపోయినా వాళ్ల ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. అంత ఉండి కూడా ఒక దశలో అమ్మేద్దామనుకున్నారు. తర్వాత మనసు మార్చుకుని, ఏ టీవీ వాళ్లూ కొనకపోతే సుమారు కోటి డాలర్లు తామే పెట్టి ఒక రియాలిటీ షో తీసి స్పైక్ టీవీకి ఇచ్చారు. 2005 ఏప్రిల్ 9న దాని ఫైనల్లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టెఫాన్ బోనార్ కొట్టుకున్న మూడు రౌండ్లతో దశ తిరిగింది. అది ఆఖరి పందెం, అది కూడా పోయినా తట్టుకోగలవాళ్లు వేసిన పందెం.

మీ పుస్తకంలో లెక్క మీకు తెలుసు. 55 వేలు మిగులు, అందులో 18 వేలు పాత వాయిదాలు, 37 వేలు. ఘట్‌కేసర్ స్థలం మీద 30 లక్షలు రూపాయి వడ్డీకే దొరికాయనుకుందాం (ఖాళీ స్థలం మీద అంత తక్కువకి దొరకడం కష్టం), పదేళ్లకి పెట్టుకుంటే నెలకి 43 వేలు. ఇల్లు గడవక ముందే, పిల్లల ఫీజులు కట్టక ముందే, నెలకి ఆరు వేలు తక్కువ పడుతోంది. లీగ్ మొదటి రోజు నుంచీ లాభం తెస్తే తప్ప ఈ లెక్క కుదరదు. మొదటి రెండు షోలు ఏం తెచ్చాయో మీరే రాశారు. అమ్మిన టికెట్లు ఎక్కువగా ఫైటర్ల ఫ్రెండ్స్, చుట్టాలు కొన్నవి, మిగతావి లోకల్ లీడర్ల మనుషులకి ఇచ్చిన పాస్‌లు. హైదరాబాద్‌లో ఏ షో పెట్టినా ముందు పాస్ అడుగుతారు, ఇది మీ ఒక్కరి కష్టం కాదు. యూఎఫ్‌సీకి డబ్బులో ఎక్కువ భాగం గేటు దగ్గర టికెట్ల నుంచి కాదు, ప్రసార హక్కుల నుంచి వస్తోంది. 2026 నుంచి ఏడేళ్లకి పారామౌంట్ అనే మీడియా కంపెనీ ఒప్పుకున్నది 770 కోట్ల డాలర్లు. ప్రసారం కొనేవాడు లేని షోకి టికెట్లు, స్పాన్సర్లే దిక్కు. ఆ స్పాన్సర్ ఫాంటసీ యాప్ అంటున్నారు కాబట్టి సూటిగా చెప్తాను: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు తెలంగాణలో 2017 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆపేసింది, వాటి ప్రకటనలు కూడా నేరమే. దేశం క్రికెట్ టీమ్ జెర్సీ మీంచే డ్రీమ్11 అనే అలాంటి యాప్ పేరు పోయింది. ఇంకా అలాంటి స్పాన్సర్‌ని తెస్తానంటున్న దుబాయ్ పెద్దమనిషికి ఈ సంగతి తెలియకపోయినా చిక్కే, తెలిసి అన్నా చిక్కే.

టీమ్‌ల లీగ్ గురించి కూడా ఒక మాట. ఐపీఎల్, కబడ్డీ చూసి అందరికీ ఆ ఆలోచన వస్తుంది. అమెరికాలో ఇంటర్నేషనల్ ఫైట్ లీగ్ అని 2006లో సరిగ్గా ఇలాగే ఊళ్ల పేర్లతో టీమ్‌లు పెట్టి మొదలైంది, 2008లో దివాలా తీసింది. మన దేశంలో సూపర్ ఫైట్ లీగ్ 2012లో ముంబైలో సినిమా వాళ్ల అండతో ఆర్భాటంగా వచ్చింది, తర్వాత చేతులు మారి 2017లో ఢిల్లీలో ఎనిమిది టీమ్‌లతో మళ్లీ పెట్టారు, అదీ నిలబడలేదు. కబడ్డీలో ఒకడు అవుటైతే ఇంకో ఆరుగురున్నారు, పైగా ఆ ఆట మనం బడి గ్రౌండ్‌లో ఆడిందే, ఎవరూ రూల్స్ చెప్పక్కర్లేదు. ఇక్కడ కేజ్‌లోకి వెళ్లేది ఒక్కడే, గాయమైతే ఆ బరువుకి సరిపోయే ఇంకొకణ్ని వెతకాలి, ఎనిమిది టీమ్‌ల జీతాలు మాత్రం ఆగవు. జనం కూడా టీమ్ కోసం రారు, మనిషి కోసం వస్తారు. కానర్ మెక్‌గ్రెగర్ కోసం ఐర్లాండ్ కదిలింది. 2019లో షెన్‌జెన్‌లో జాంగ్ వెయిలీ బెల్ట్ గెలిచాకే చైనాలో ఈ ఆట ఇంటింటి మాటైంది. మనకిప్పుడిప్పుడే అలాంటివాళ్లు వస్తున్నారు. అన్షుల్ జుబ్లీ 2023లో రోడ్ టు యూఎఫ్‌సీ టోర్నమెంట్ గెలిచి లోపలికెళ్లాడు, 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో ఫైట్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. ఆటని ప్రపంచమంతా పెంచడమంటే ఒక్కో ఊళ్లో జనం పేరు పెట్టి పిలుచుకునే ఒక్కో మనిషిని తయారుచేయడమే. ఆ పని మీ జిమ్ లోపల జరుగుతుంది, ఫంక్షన్ హాల్లో లైట్ల కింద కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను, ఒక్కోదాంట్లో ఏం జరుగుతుందో చెప్తాను.

సంతకం పెట్టొచ్చు. పెడితే ఒకటి తెలుసుకుని పెట్టండి: వాయిదాలు ఆగి లోన్ మొండిబకాయి అయితే బ్యాంకులు, పెద్ద ఫైనాన్స్ కంపెనీలు కోర్టుకి వెళ్లకుండానే 60 రోజుల నోటీసుతో స్థలాన్ని స్వాధీనం చేసుకోగలవు. 30 లక్షలు పెట్టాక కూడా కంపెనీలో 51 శాతం దుబాయ్ ఆయనదే, అంటే మీ స్థలం పెట్టుబడిగా పెట్టి మీ ఇద్దరూ ఆయన మాట వినాలి. వీడియోల హక్కులూ ఆయనవే, అంటే లీగ్ పోయినా మిగలాల్సిన ఒకే ఒక్క ఆస్తి కూడా మీ చేతిలో ఉండదు. అయినా పెట్టాలనిపిస్తే, మీ పేరు మీద వాటా, మెజారిటీ మీ ఇంటి చేతిలో, వీడియో హక్కులు ఉమ్మడిగా, ఇవన్నీ కాగితం మీదికి వచ్చాకే లోన్ కాగితాలు చేతిలోకి తీసుకోండి, ఆ కాగితాలు మీ ఆయన లాయర్ కాకుండా మీ లాయర్ చదవాలి. మొగుడూ పెళ్లాల మధ్య వేరే లాయరేంటి అంటారు. స్థలం ఒక్కరి పేరు మీద ఉన్నప్పుడు లాయర్ కూడా ఒక్కరికే ఉంటాడు, ఇందులో అవమానం ఏమీ లేదు.

రెండోది, స్థలం ముట్టుకోకుండా చిన్నగా చేయడం. నాకు ఇష్టమైన దారి ఇదే, దాచను. ఉప్పల్, మలక్‌పేట, కూకట్‌పల్లి, ఇలా నాలుగైదు జిమ్‌లు కలిసి ఖర్చు పంచుకుని, రెండు నెలలకోసారి ఆదివారం పగలు, జిమ్‌లోనే రెండొందల కుర్చీలు వేసి అమెచ్యూర్ బౌట్లు. కాళ్లకి గార్డులు, పెద్ద గ్లౌజులు, తక్కువ నిమిషాల రౌండ్లు. స్మోక్ మెషిన్లు, డీజే, గెస్ట్‌గా సీరియల్ హీరో, ఏవీ వద్దు. ఆ డబ్బుతో కేజ్ పక్కన ఒక డాక్టర్, గేటు దగ్గర ఒక అంబులెన్స్. ఆట ఆపే మాట డాక్టర్‌దే, నాకౌట్ అయినవాళ్ల పేర్లు ఒక రిజిస్టర్‌లో రాసి 60 రోజులు ఏ జిమ్‌లోనూ ఫైట్ ఇవ్వకూడదని అన్ని జిమ్‌లూ సంతకం పెట్టాలి. ఇందాక నేనన్న అధికారం ఇలా ఆయన చేతిలోంచి బయటికి వస్తుంది, అడగ్గా అడగ్గా కాదు, రాసుకున్న రూలు వల్ల. నష్టం వచ్చినా వేలల్లోనే వస్తుంది. దీనివల్ల వచ్చే ఇబ్బంది కూడా చెప్తాను: మీ ఆయనకి ఇది చాలా చిన్నదిగా అనిపిస్తుంది. ప్రపంచం అన్న మనిషికి రెండొందల కుర్చీలు చూపిస్తే మనసు చివుక్కుమంటుంది. కొన్నాళ్లు ముభావంగా ఉంటారు, దానికి సిద్ధపడండి.

ఈ దారిలో మీకో పని కనిపిస్తోంది నాకు. మన జనానికి పంచ్, కిక్ అర్థమవుతాయి, ఇద్దరూ కింద పడి పట్లలోకి వెళ్లేసరికి ఏం జరుగుతోందో తెలియక ఫోన్లు తీస్తారు. అసలు ఆటలో సగం అక్కడే ఉంది. ఆ పట్టు ఏంటి, ఆ మోకాలు అక్కడెందుకు పెట్టాడు, కిందున్నవాడు ఓడిపోతున్నట్టు కనిపిస్తూ గెలుపుకి ఎలా దారి వేసుకుంటున్నాడు అన్నది తెలుగులో, మన కుస్తీ మాటలతో, విడమరిచి చెప్పేవాళ్లు లేరు. మీరు బ్లాక్ బెల్ట్, పదిహేనేళ్లుగా మ్యాట్ పక్కనే ఉన్నారు. ఆ వీడియోలకి మీరు తెలుగు కామెంటరీ చెప్పండి. ఫైటర్లు ఎవరు, నాన్న ఏం చేస్తాడు, పొద్దున ఎక్కడ పని చేసి సాయంత్రం ఎలా వస్తాడు, అవి కూడా తీయండి. 2005లో ఆ రియాలిటీ షో చేసింది అదే, జనానికి ఫైట్‌కి ముందు మనిషిని చూపించింది. దానికి వాళ్లకి కోటి డాలర్లు పట్టింది, మీకు ఫోన్, మైక్ చాలు.

మూడోది, షోలు పూర్తిగా ఆపి మంచి జిమ్‌గా ఉండిపోవడం. పిల్లల బ్యాచ్‌లు పెంచుకోవడం, తయారైన ఫైటర్లని మ్యాట్రిక్స్ ఫైట్ నైట్ లాంటి పెద్ద వేదికలకి పంపి మేనేజర్‌గా న్యాయమైన వాటా తీసుకోవడం. అప్పు మెల్లగా తీరుతుంది. కానీ ప్రమోటర్ కావాలన్న కోరిక ఆయనలో అలాగే ఉంటుంది, రెండేళ్ల తర్వాత ఇంకో రూపంలో ఈ గొడవ మళ్లీ మీ డైనింగ్ టేబుల్ మీదికొస్తుంది.

నాలుగోది, మీరు ఒప్పుకోకపోయినా ఆయన దుబాయ్ ఆయనతో ముందుకెళ్లడం. మీరు ఆపలేకపోవచ్చు. అప్పుడు జిమ్ అకౌంట్, లీగ్ అకౌంట్ వేరు చేయండి, జిమ్ అద్దె అగ్రిమెంట్, పరికరాలు లీగ్ అప్పుల్లోకి పోకుండా చూసుకోండి. వ్యాపారం పోయినా 70 మంది పిల్లలు వచ్చే చోటు మిగలాలి.

ఏ దారిలో వెళ్లినా తమ్ముడి కాంట్రాక్ట్ మార్చి రాయాలి. పెద్ద కంపెనీలు కూడా ఇలాగే కట్టేస్తాయని మీ ఆయన అంటే, అదీ నిజమే. ఆ కట్టేయడం మీదే అమెరికాలో ఫైటర్లు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడారు. యూఎఫ్‌సీ ఆదాయంలో ఫైటర్లకి ఐదో వంతు కూడా అందట్లేదన్నది వాళ్ల వాదన. 2024లో 33.5 కోట్ల డాలర్లకి రాజీ అంటే జడ్జి చాలదని తిప్పి పంపారు, చివరికి 37.5 కోట్లు ఇవ్వాల్సొచ్చింది. పెద్దవాళ్ల తప్పు నుంచి నేర్చుకునే అవకాశం మీ ఇంటికి ఉచితంగా వచ్చింది. తమ్ముడిది ఒక ఏడాది కాంట్రాక్ట్ చేయండి, ఏడాదికి కనీసం ఇన్ని ఫైట్లు అని రాయండి, ఇవ్వకపోతే అతను స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చని రాయండి, పెద్ద వేదిక నుంచి పిలుపొస్తే వదిలేయాలని రాయండి, వైద్యం ఖర్చు ప్రమోటర్‌దేనని రాయండి. గడువు తీరాక కూడా బయట ఫైట్ చేయకూడదనే షరతు పాత కాగితంలో ఉంటే, మన ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ ప్రకారం సాధారణంగా అది చెల్లదు. లాయర్‌కి చూపించండి. మధ్యలో రావొద్దన్నాడు కదా మీ తమ్ముడు, బావ మీద కోపంతో కాదు, బావ నిజంగానే నిన్ను పంపగలిగేలా ఉండాలనే ఈ మార్పు అని చెప్పండి. తల బాగుంటేనే మెడికల్స్ పాసవుతాడని, అవి పాసవకుండా యూఎఫ్‌సీ గేటు కూడా దాటనివ్వరని కూడా చెప్పండి. ఈ మాట వింటాడనుకుంటున్నాను.

మీ ఆయనతో ఎలా మాట్లాడాలన్నది కూడా అడిగారు. అత్తమ్మ ముందు వద్దు, రాత్రి ఆయన అలసిపోయి వచ్చినప్పుడు వద్దు. మధ్యాహ్నం జిమ్ ఖాళీగా ఉండే వేళ, మ్యాట్ మీద, మీరిద్దరూ మొదట కలిసిన చోటులాంటి చోట కూర్చోండి. లెక్కల పుస్తకం తీసి ఆ 37 వేలు, ఈ 43 వేలు చూపించండి, మీరేమీ అనకండి, ఆయన్నే కూడమనండి. "లీగ్ వద్దు" అని మొదలుపెడితే ఆయనకి "నువ్వొద్దు" అని వినిపిస్తుంది. "డాక్టర్ లేకుండా ఇక ఒక్క షో కూడా వద్దు" అని మొదలుపెట్టండి, దానికి ఎదురు చెప్పడం ఆ ఆటని ప్రేమించే మనిషికి కష్టం. అత్తమ్మ విషయంలో, ఆవిడ భయం కూడా కొడుకు ఓడిపోతాడేమోననే. పదిన్నర లక్షల అప్పు సంగతి ఆవిడకి తెలుసా? మీ ఉత్తరం చదివితే తెలియదనిపించింది. తెలియనివ్వండి, ఆయన నోటితోనే.

సోమవారం తమ్ముణ్ని తీసుకెళ్లేటప్పుడు ఆ రాత్రి ఫైట్ వీడియో ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, ఎక్కడ తగిలింది, ఎన్ని సెకన్లు స్పృహ లేదన్నది డాక్టర్ చూడాలి. వీలైతే మీ ఆయన్ని కూడా వెంట రమ్మనండి, డాక్టర్ చెప్పేది నేరుగా ఆయన చెవినే పడాలి. ఏమన్నారో నాకు రాయండి.